కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే

నేను ఒక చంకకర్రను. కుళ్ళుబోతుదాన్ని కూడా. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి.

మా ఊరి వడ్రంగి నాగలికని తెచ్చిన వేపమొద్దులో మిగిలిన ముక్కతో నన్ను చెక్కాడు. కాలికి పాత సైకిలు టైరు ముక్క తొడిగి, తలకు నూలుచీర పేలికలు చుట్టి, చిన్నప్పుడే పోలియో వచ్చిన భూదేవి చేతికిచ్చాడు. అప్పటినుంచి పొద్దున కళ్ళు తెరవగానే ఆమె చెయ్యి మొదట వెతికేది నన్నే. ఆ చెయ్యి కోసం గోడకు ఆనుకుని ఎదురుచూసేదాన్ని.

ఆసరా ఇవ్వడంలో నాకు పోటీ ఒక్కడే, ఆమె అన్న లింగం. ఆమెను ఎవరు ఏమడిగినా వాడే జవాబు చెప్పేవాడు. "మా చెల్లెకు చాతకాదు సారూ." "మా చెల్లెకు ఆకలైతలేదు." కడుపు ఆమెది, ఆకలి సంగతి తెలిసింది వాడికి! మంచివాడే, కాదనను. మంచివాళ్ళను చూసి కుళ్ళుకోవడం మరీ కష్టం.

తర్వాత వికలాంగుల సంఘం వచ్చిపడింది. ప్రతి మంగళవారం బడి వరండాలో చాప పరుచుకుని కూర్చునేవారు. మొదటి రోజు అందరూ ఒకేసారి మాట్లాడారు. చూపు లేని ఆశన్న విసిగిపోయాడు.

"చేతులు లేపితె నాకు కనవడ్తదా? కర్ర ఎవరి చేతుల ఉంటె వాళ్ళే మాట్లాడాలె. తక్కినోళ్ళు నోరు మూసుకోవాలె."

ఏ కర్ర? భూదేవి క్షణమైనా ఆలోచించకుండా నన్ను తీసి ఇచ్చేసింది!

నా ఒళ్ళు మండిపోయింది. ఎవరెవరి చెమట చేతులో నన్ను తడిమాయి. అందరికంటే బుచ్చమ్మ మీదే నాకు కోపం. పుట్టుకతోనే ఆమె కాళ్ళూ చేతులూ ఆమె చెప్పినట్టు వినవు, మాట కూడా ఆగి ఆగి వస్తుంది. ఒక్క ముక్క చెప్పేలోపు నన్ను పిసికి పిప్పి చేసేది. అయినా ఎవరూ మధ్యలో అందుకునేవారు కాదు. అదే సంఘం కట్టుబాటు.

మాట్లాడగా మాట్లాడగా భూదేవి గొంతు లేచింది. సంఘానికి అధ్యక్షురాలైంది. ఊరూరా తిరగడానికి పక్కచక్రాల ఎర్ర స్కూటర్ వచ్చింది. దాని అద్దం తుడుస్తూ కూనిరాగాలు తీసేది. నన్నెప్పుడైనా తుడిచిందా? తేలికగా ఉందని అల్యూమినియం కర్ర ఒకటి కొనుక్కుని, నన్ను సంఘానికే వదిలేసింది. ఆ స్కూటర్ టైరులో మేకు దిగాలని నేను మొక్కని దేవుడు లేడు.

అంతలో డాక్టర్లు చూసి వైకల్యం ఎంతో రాసిచ్చే సర్టిఫికెట్ల క్యాంపు వచ్చింది. సర్టిఫికెట్ లేకపోతే పింఛను రాదు. ఆ క్యాంపేమో మండలాఫీసు పై అంతస్తులో పెట్టారు! సంఘం గొడవ చేస్తే ఒక అధికారి వరండాకే వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"మెట్లెక్కలేనివాళ్ళను మా మనుషులు ఎత్తుకొస్తారమ్మా. మీకెందుకు బెంగ?"

అప్పుడు నేను బుచ్చమ్మ చేతిలో ఉన్నాను. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. అధికారి గడియారం చూసుకున్నారు. ఆయన లేచి వెళ్ళిపోతే ఇక క్యాంపు పైనే. భూదేవికి ఆత్రం ఆగలేదు.

"సార్, మా బుచ్చమ్మక్క ఏమంటున్నదంటె..."

అచ్చం లింగం గొంతే.

బుచ్చమ్మ నన్నెత్తి నేలకు ఠపీమని కొట్టింది. "కర్ర... నా తాన... ఉంది."

అధ్యక్షురాలి ముఖం కందిపోయింది. నా కాలి టైరు చిరిగింది గానీ, నాకెంత సంబరమో చెప్పలేను. అధికారి ఏదో అనబోతే ఆశన్న అడ్డుపడ్డాడు. "మీ తాన గూడ కర్ర లేదు సారూ."

"నన్ను... ఎత్తుకోవద్దు" అంది బుచ్చమ్మ. "నేను... బస్తాను గాను. డాక్టర్లను... కిందికి... దింపుండ్రి."

ఆ కాసిని మాటలకు చాలాసేపు పట్టింది. అందరూ విన్నారు. అధికారి తల వంచుకున్నారు. కింది గదులు ఖాళీ చేయించమని పక్కనున్న గుమాస్తాకు చెప్పారు, కర్ర లేదు కదా, గుసగుసగానే.

భూదేవి మెల్లగా చెయ్యి చాచింది. "తప్పైంది అక్కా. కర్ర జర ఇస్తవా?"

ఎన్నేళ్ళయింది ఆ చెయ్యి నా కోసం ఇంత ఆశగా చాచి! ఒకప్పుడైతే ఎగిరి అందులో పడేదాన్ని.

"ఇంకా... అయిపోలే" అంది బుచ్చమ్మ.

చాచిన చెయ్యి అలాగే ఉంది. నాకూ ఏం తొందర లేదనిపించింది.