పడుగు నేల

జయరాములుకు నోరుండాది, ఊపిరుండాది. ఆ రెండూ ఉంటే చెడుగుడులో గెలవొచ్చు గానీ ఆఫీసులో గెలవలేము. ఆ సంగతి ఆయప్పకు డెబ్భై దాటినాక గానీ తెలిసిరాలేదు.

గుడియాత్తంలో నేతగాళ్ళ వీధి వెనకాల, ఏటికి కొంచెం ఎడంగా ఒక మైదానం ఉండింది. ముందుకాలంలో మగ్గానికి ఎక్కించే పొడుగు నూలును, అదే పడుగును, తెల్లారేసరికి ఆడ బారుగా లాగి, రాతి కూసాలకు కట్టి గంజి పెట్టేవాళ్ళు. గంజి ఆరేదాకా పడుచోళ్ళు ఊరికే కూచుంటారా? కూత పెట్టేవాళ్ళు. వీధి చెడుగుడు సంగం అట్ల పుట్టింది.

పోను పోను మిల్లులో చుట్టిన పడుగే ఇంటికి రాబట్టింది. నేలంతా ఆటకే మిగిలింది. ఒకనాడు జయరాములు తమ్ముడు దేవేంద్రన్ పట్టు విడిపించుకొని ఎగిరి, కూసానికి మోకాలు కొట్టుకున్నాడు. ఆ కాలు మళ్ళీ నేరుగా రాలేదు. జయరాములు ఆ కోపంలో గడ్డపార తెచ్చి కూసాలన్నీ పెరికేసినాడు. ఇంకెవురికీ దెబ్బ తగలకూడదని వీధిలో ఆడా మగా తట్టలతో ఏటి ఇసక మోసి బరి నిండా పోసినారు. ఇప్పుడు ఆ ఇసక మీద ఆడేది ఆడబిడ్డలు. వాళ్ళకు ముందు నిలబడేది ఆయప్ప మనవరాలు వైష్ణవి. ఆ బిడ్డ కూత పట్టి గీత దాటిందంటే తాత మీసం తడుముకుంటా నవ్వుకునేవాడు.

ఏరు పొంగి ఊర్లోకి నీళ్ళొచ్చిన ఏడు, ఏటి జాగా ఆక్రమించినోళ్ళనంతా లేపమని పైనించి ఉత్తరువు వచ్చింది. మైదానం కూడా ఏటిదేమో అని అనుమానం పడి, సంగం పెద్దను వేలూరికి విచారణకు రమ్మన్నారు. అంటే జయరాములునే.

"తాతా, ఆడ నేను మాట్లాడతా. బళ్ళో చదివింది అరవమే గదా" అనింది వైష్ణవి బస్సులో.

"నువ్వు ఊరుకోమ్మా. పుట్టినప్పటినించీ ఈ ఊర్లో అరవం మాట్లాడతా ఉండా. నాకు రాదా?"

పెండ్లాం పచ్చయమ్మ బయల్దేరేటప్పుడే చెప్పింది. "నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నీ నోరు మంచిదే, దాని పగ్గమే నీ చేతిలో లేదు" అని. ఎవురు వినినారు?

ఆఫీసరమ్మ చెడ్డ మనిషి కాదు. పెద్దాయనకు కుర్చీ వేయించి, అరవంలో నెమ్మదిగా అడిగింది. "అది ఎట్లాంటి నేల, అయ్యా?"

పడుగును అరవంలో పావు అంటారు. జయరాములుకు తెలీకనా? నూలంగట్లో దినమూ అనే మాటే. అయినా బల్ల ముందర, ఆ కాయితాల కట్టల ముందర, ఇంటి మాటే ముందుకొచ్చి నిలబడింది.

"అదు పడుగు నెలం, అమ్మా."

"పడుగై నిలమా?" అని ఆమె మళ్ళీ అడిగింది.

పడుగై అంటే అరవంలో ఏటి పడక. ఏరు పారే జాగా. మన మాటే వాళ్ళ నోట్లో కొంచెం సాగిందనుకున్నాడు ఈ మహానుభావుడు. "అవునమ్మా, పడుగే. మా తాత కాలంనించీ పడుగే. ఊరంతా చెప్తుంది" అని ఛాతీ విరుచుకున్నాడు.

వైష్ణవి దిగ్గున లేచింది. "లేదు మేడమ్, తాత చెప్పేది..."

"పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు నడమ రావద్దు" అని చెయ్యి పట్టి కూచోబెట్టినాడు. ఆ బిడ్డ ముఖం మాడిపోయింది.

బయటికొచ్చినాక వరండాలో చెప్పింది. "అది ఏరని నువ్వే ఒప్పుకున్నావు తాతా." కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము. అయినా జయరాములు లోపలికి పరిగెత్తి రెండు చేతులూ జోడించినాడు. ఆఫీసరమ్మ ఓపిగ్గా వినింది. "సరే, నేనే వచ్చి చూస్తా. నూలు కట్టిన గుర్తులుంటే చూపించండి" అనింది.

చెప్పినట్టే వచ్చింది. మైదానమంతా తిరిగింది.

"నూలు కట్టిన కూసాలు యాడ?"

"నేనే పెరికేసినా, అమ్మా. బిడ్డలు పడతారని."

ఆమెతో వచ్చినోళ్ళు బరిలో పారతో తవ్వినారు. ఆమె పిడికెడు ఎత్తి చూసింది. "ఇది ఏటి ఇసక కాదా?"

అబద్ధం చెప్పే నోరు కాదది. "ఏటి ఇసకే. మేమే మోసి పోసినాము" అన్నాడు. ఆమె జాలిగా చూసింది. జాలితో నేల రాదు గదా. ఆ నెలలోనే చుట్టూ ముళ్ళకంచె వేసి, అంతోనిని కాపలా పెట్టినారు. వాడు చిన్నప్పుడు ఆ ఇసకలో పొర్లాడినోడే.

ఆడబిడ్డలు వీధిలో సిమెంటు రోడ్డు మీద సుద్దతో గీతలు గీసుకొని ఆడబట్టినారు. వైష్ణవి మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయినాయి. తాతను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే జయరాములుకు అన్నమన్నా సయించేది.

ఒక సాయంత్రం, రోడ్డు మీద పరిచేదానికి ఇసక తెద్దామని, గోతం తీసుకొని కంచె కింద దూరినాడు. సగం నింపేసరికి అంతోని వచ్చినాడు.

"ఆడ పెట్టేయన్నా. ఏటి ఇసక ఎత్తితే కేసవుతుంది. నా పని పోతుంది."

"ఇది ఏరు కాదని నీకు తెలీదురా అంతోనీ?"

"తెలుసన్నా. ఏరని నువ్వే చెప్పినావంట గదా."

జయరాములు గోతం తిరగేసినాడు. ఇసక తన కాళ్ళ మీదనే పడింది. "పడుగై కాదురా. ఇది పావు నేల" అన్నాడు, సరయిన అరవంలో. అంతోని తల దించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి వీధిలో ఆట నడస్తా ఉండింది. జయరాములు ఆ ఖాళీ గోతాన్నే మడతలు పెట్టి, బిడ్డ ఎప్పుడూ పడే చోట, గీత పక్కన పరిచినాడు. వైష్ణవి దాన్ని చూసింది. కాలితో పక్కకు తోసేసి కూత మొదలుపెట్టింది.