రావిలో దీర్ఘం తీసేస్తే

నూజివీడు మార్కెట్లో బసవపున్నారావు నోరు తెరిస్తే బేరగాళ్లు కాటా వదిలేసి చుట్టూ చేరేవారు.

"పేరులో రావు పెట్టుకుని ఇంత పొద్దున్నే వచ్చారేంటండీ?" అని ఎవరైనా గిల్లితే, "రానూపోనూ ఖర్చులిస్తే రావు కూడా వస్తాడండీ" అనేవాడు.

రెడ్డిగూడెం దాటాక ఆయనకో మామిడి తోట, ఆ తోటంత నోరు, ఆ నోటిని భరించే బుజ్జమ్మ. పిల్లల్లేరు.

బుజ్జమ్మ మేనమామ కూతురే. కన్న బిడ్డ పురిట్లోనే పోయిన ఏడు, పెద్దవాళ్లు చెప్పారని తోట గట్టున రావినీ వేపనీ జంటగా నాటి, పసుపుతాడు కట్టి, పప్పన్నం పెట్టి పెళ్లి చేసింది. అయినా కడుపు పండలేదు. రావి మాత్రం ఏపుగా ఎదిగింది.

"రావిలో దీర్ఘం తీసేస్తే రవే కదే! వీడే మన కొడుకు. ఆ తీసిన దీర్ఘం వాడి ఆయుష్షుకి తగిలిద్దాం" అన్నాడు పున్నారావు, ఏడుస్తున్న పెళ్లాన్ని నవ్విద్దామని. ఆమె నవ్వలేదు. నమ్మింది. అప్పట్నుంచీ రావి రవి అయ్యాడు, వేప కోడలైంది. ఎండాకాలం కొడుక్కి రెండు బిందెలు, కోడలికి ఒకటి పోసి, "అత్త బుద్ధి పోనిచ్చావు కాదు" అని మొగుడి చేత అనిపించుకునేది.

ఈ ఏడు మామిడి పూతకొచ్చే వేళ బుజ్జమ్మ కుడికాలికి ముల్లు దిగింది. అసలే షుగరు మనిషి. పుండు పడింది.

"కొమ్మకి కాస్తే పండు, దానికి కొమ్మిస్తే పుండు. ఊళ్లో అందరికీ పండు, మనకి మాత్రం పుండు!" అన్నాడు పున్నారావు.

"నీ నోట్లో పుండు పుట్టా!" అని ఆమె నవ్వింది.

బెజవాడ డాక్టరు మాత్రం నవ్వలేదు. మందులు రాశాడు. తగ్గకపోతే మోకాలి కింద తీసెయ్యాలన్నాడు. తిరుగు ప్రయాణంలో పున్నారావు మైలవరంలో దిగి ఆ మందులు కొన్నాడు.

ఇంటికొచ్చాక ఆయనకి వాళ్లమ్మ చేసే నాటువైద్యం గుర్తొచ్చింది. రావి పళ్ల పొడి ఆయాసానికి, లేత ఆకు కామెర్లకి, పాలు మడమల పగుళ్లకి, బెరడు కషాయం మానని పుండు కడగడానికి. రావి ఎక్కడో వెతకాలా? గట్టు మీదే ఉంది. వరండాలోంచి కనపడని వైపున కత్తి పెట్టి అరచేతంత బెరడు తీశాడు.

"బెరడెక్కడిది బావా?" అంది బుజ్జమ్మ, పొయ్యి మీద వాసన పట్టి.

"మైలవరం కొట్లోది."

"మన రవిది కాదు కదా?"

"ఛ! కొడుకుని చెక్కుతానా, చెక్కబొమ్మనా నేను?"

పొద్దున కట్టు మార్చడం, కట్టుకథ చెప్పడం రెండూ ఆయన పనులే. పుండు అంచులు మానుతున్నట్టు కాస్త ఎర్రబడ్డాయి. మందుల వల్లో, బెరడు వల్లో ఆయన అడగలేదు. ఆశకి అరచెయ్యి చాల్లేదు. పక్కన ఇంకొంచెం, ఆ పక్కన మరికొంచెం. కాండం చుట్టూ తొక్క తీస్తే చెట్టుకి ఉరేసినట్టేనని కూలీల్ని తిట్టే మనిషి, మామిడికి కత్తి గాటు పడితే అన్నం మానేసే మనిషి, ఒకరోజు కత్తి తిప్పుకుంటూ వెళ్లి మొదలుపెట్టిన చోటికే చేరాడు. చేరానని తెలిసింది. చెక్కినంతా బుట్టలో వేసుకుని, వరండా వైపు గాటుకి మట్టి మెత్తి వచ్చేశాడు.

కోతలు మొదలయ్యాయి. వేప చిగురేసి నవనవలాడుతోంది. రావి ఆకు రాల్చి ఊరుకుంది.

"కోడలు పచ్చగా ఉంది, వీడికేమైంది బావా?"

"ఆకురాలు కాలమే. కాలు బాగయ్యేసరికి కాలం బాగవుద్ది."

"నన్ను తీసుకెళ్లు."

కుర్చీతో సహా ఇద్దరు కోతగాళ్లు మోశారు. కుర్చీని అటువైపు తిప్పమంది. నడుం చుట్టూ ఒలిచిన రావి తెల్లగా, పగుళ్లు పట్టి నిలబడి ఉంది. బుజ్జమ్మ వేలితో ఆ పగుళ్లు తడిమింది.

"కొడుకు తోలొలిచి నా కాలు కడిగావా బావా?"

  పున్నారావుకి ఏ అక్షరానికి ఏ గుణింతం పెట్టినా మాట కావట్లేదు.

"నాకు నువ్వు కావాలే" అన్నాడు చివరికి.

"నాకు వాడు కావాలి." ఆమె తిట్టలేదు. వంగి తన కాలి కట్టు విప్పింది. ఆ గుడ్డ చెట్టు చుట్టూ వెయ్యబోతే సగానికి కూడా రాలేదు. "ఇంకోటి తే. కోడలు చూడకుండా కడదాం."

తెచ్చాడు. ముడి వేశారు. ఇక లాభం లేదని ఇద్దరికీ తెలుసు.

"డాక్టరుకి ఫోన్ చెయ్యి. కాలు తీసేయమను. దీనికోసం ఇంకెవర్నీ చెక్కొద్దు."

చేశాడు. అవతల అమ్మాయి, "పేషెంటు పేరు చెప్పండి సార్" అంది. ఆయన ఆమె కుర్చీ పక్కనే చతికిలబడ్డాడు. "హలో... సార్?"

బుజ్జమ్మ ఫోన్ లాక్కుంది. "బుజ్జమ్మ అమ్మా. కుడికాలు. ఎప్పుడు రమ్మంటారు?" అంది, రెండో చేత్తో మొగుడి తల తన ఒళ్లోకి లాక్కుంటూ.