ఇంటిపేరు లేని గొంతు

రికార్డు చేస్తున్న కావ్యశ్రీ ఫోనును చంద్రవతి అరచేత్తో మూసింది.

"ఎవరు పంపారు నిన్ను?"

కావ్యశ్రీ ఉలిక్కిపడింది. అప్పటిదాకా కథ సాఫీగా సాగింది. చంద్రవతి తాత మద్రాసులో ఓడెక్కి ఫిజీ చెరకు తోటల్లో కూలికి వెళ్ళడం, అక్కడ తెలుగు పాటలు కట్టుకోవడం అంతా రికార్డయింది. రేపు ఆమె గొంతుకు ఆపరేషన్. తర్వాత మాట రాదు. ఫిజీ నుంచి వాళ్ళ కుటుంబం వచ్చి స్థిరపడిన ఈ కెనడా ఊరు బర్నబీలో ఆ పాటలు తెలిసిన మనిషి మరొకరు లేరు.

"ఎవరూ పంపలేదు అమ్మమ్మా. మీ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నదాన్నేగా! కాలేజీ ప్రాజెక్ట్ అని మీ మనవరాలికి చెప్పా."

"కాలేజీ! విమానాల నిండా దిగుతున్నారు మీరంతా. క్లాసుకెళ్ళేది ఎందరో, పిజ్జాలు మోసేది ఎందరో. నా ఇంటిపేరు నీకెందుకు?"

అదీ సంగతి. మధ్యలో తను మాటవరసకు అడిగిన ప్రశ్న.

"మా గుంటూరులో ఎవరు కనిపించినా అదే అడుగుతాం. అలవాటు."

"మా మనవరాలు రేష్మీని పెళ్ళిచూపులు చూడ్డానికొచ్చిన హైదరాబాదు వాళ్ళకీ అదే అలవాటు. మాకు లేదన్నాం. కులం దాస్తున్నారని లేచి వెళ్ళిపోయారు. వాళ్ళకే మోస్తున్నావా మా మాటలు?"

"ఒట్టు, వాళ్ళెవరో నాకు తెలీదు. ఇంటిపేరు ఎలా పోయింది?"

"పోలేదు పిల్లా, పారేశాం. అది అడిగేవాళ్ళని వదిలించుకోడానికే మా తాత ఓడెక్కాడు. చెప్పిందంతా తుడిచెయ్."

"అమ్మమ్మా, రేపు మీరు..."

"తెలుసు. గొంతు నాది. తుడిచెయ్."

ఇప్పుడు తుడిచేస్తే మళ్ళీ దొరకదు. తుడవకపోతే దొంగ అవుతుంది. కావ్యశ్రీ డిలీట్ నొక్కి, ఫోను ఆమె వైపు తిప్పింది.

"చెత్తబుట్టలోంచి కూడా. రేష్మీ తుడిచేసిన ఫోటోలు అక్కణ్ణుంచే మళ్ళీ లేచొచ్చాయి."

అదీ ఖాళీ చేసింది. చంద్రవతి కళ్ళజోడు సర్దుకుని, తెర రెండుసార్లు పరీక్షగా చూసింది. ఫోను తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఏది నొక్కితే మొదలవుతుంది?"

కావ్యశ్రీ చూపించింది. ముసలామె తనే నొక్కింది.

"ఇప్పుడడుగు. చూస్తా."

కావ్యశ్రీ నోటిదాకా వచ్చినవన్నీ ఏ ఊరు, ఎవరి తాలూకు అనే ప్రశ్నలే. మింగేసింది.

"చెరకు కొట్టేటప్పుడు మీ తాత ఏం పాడేవారు?"

చంద్రవతి ఆమె మొహంలోకి అనుమానంగా చూసింది. ఆపే బటన్ మీద వేలు సిద్ధంగా పెట్టుకుని, బొంగురు గొంతుతో పాట అందుకుంది.