గుడ్‌వేగ్ నొక్కని బటన్

మా శాఖ పేరు ఆర్థిక, నిర్వహణ, మాధ్యమ అధ్యయన శాఖ. ఒకప్పుడు మూడు వేర్వేరు శాఖలు. మూడింటికీ ఒకే కాఫీ యంత్రం చాలునని పైవాళ్ళు తేల్చాక ఒకటయ్యాయి. అందులో ఇరవై రెండేళ్ళుగా నేను ఆఫీసు చూస్తున్నాను. వచ్చిన కాగితం మీద ముద్ర వేయడం, గదుల తాళాలు ఇవ్వడం, ప్రొఫెసర్లు ఒకరి మీద ఒకరు రాసుకునే ఫిర్యాదులను పోగొట్టకుండా దాచడం నా పని.

ఐలిఫ్ మా దగ్గర పీహెచ్‌డీ చేస్తుండేవాడు. నాలుగేళ్ళలో ముగియాల్సిన చదువు ఆరో ఏట నడుస్తోంది. అతని ప్రయోగం చాలా తేలిక. మూడో అంతస్తులో ఖాళీ గది, కుర్చీ, బల్ల, బల్ల మీద ఎర్ర బటన్. ఫోను, గడియారం బయట వదిలి లోపల కూర్చోవాలి. ఇక చాలనిపించినప్పుడు బటన్ నొక్కాలి. మనుషులు ఎంతసేపు ఓర్చుకోగలరో తెలుసుకోవాలని అతని కోరిక. అరవై మంది కావాలి. యాభై తొమ్మిది మంది వచ్చి వెళ్ళారు. సగటు పదకొండు నిమిషాలు. మార్కెటింగ్ చదివే ఒకతను కూర్చోకముందే నొక్కేశాడు.

అరవయ్యో మనిషిగా సెప్టెంబరులో ఒక సోమవారం ఉదయం తొమ్మిదింటికి గుడ్‌వేగ్ వచ్చింది. వయసు డెబ్బై ఏడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫెర్రీ రేవులో టికెట్లు అమ్మి రిటైరైన మనిషి. సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. అల్లిక సంచీ, కాఫీ ఫ్లాస్కు, గోధుమరంగు జున్ను పెట్టిన రొట్టె తెచ్చుకుంది. వాటిని వద్దనే నియమమేదీ ఐలిఫ్ రాసుకోలేదు.

మధ్యాహ్నం మూడున్నరకు ఆమె తలుపు తీసి బయటికి వచ్చింది.

"నా ఫెర్రీకి టైమయింది నాయనా. మిగతాది రేపు కూర్చోవచ్చా?"

"మీరు బటన్ నొక్కలేదండీ."

"చాలనిపించినప్పుడు కదా నొక్కమన్నావు. నాకింకా చాలనిపించలేదు."

ఐలిఫ్ నియమాలన్నీ తిరగేశాడు. పాల్గొన్నవారు అవసరానికి బయటికి వెళ్ళి రావచ్చని ఉంది. ఆపమని వారిని ఒత్తిడి చేయకూడదని కూడా ఉంది. ఎంతసేపట్లో తిరిగి రావాలో మాత్రం లేదు. మర్నాడు తొమ్మిదింటికి ఆమె వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత రోజూ అంతే. శని ఆదివారాలు మాత్రం రాలేదు.

ఒకసారి నేనే అడిగాను, ఆ గదిలో ఏముందని.

"టికెట్ల గది కూడా ఇంతే ఉండేది టురిడ్. చెయ్యి చాపితే రెండు గోడలూ అందేవి. ఇప్పుడు ఇంట్లో ఎటు చూసినా ఖాళీయే. ఒకో రోజు హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళడానికి కూడా బుద్ధి పుట్టదు."

ఈ మాట నేను ఐలిఫ్‌కు చెప్పాను. అతను రాసుకుని, తన ఫారంలో దానికి గడి లేదని కొట్టేశాడు.

నవంబరు వచ్చేసరికి శాఖంతా గుడ్‌వేగ్ మీదే బతుకుతోంది. డబ్బు తీసుకోకుండా మనిషి ఎందుకు కూర్చుంటుందని ఆర్థికం వాళ్ళు వ్యాసం మొదలుపెట్టారు. ఒక గది చేజారితే ఉద్యోగులు ఎలా సర్దుకుంటారని నిర్వహణ వాళ్ళు. స్థానిక పత్రికలో ఆమె ఫోటో పడింది గనక అది ఎలా పడిందని మాధ్యమాల వాళ్ళు. సమావేశాలకు గది దొరక్క అందరూ మెట్ల మీద నిలబడి మాట్లాడుకునేవారు. దాని మీదా ఒక వ్యాసం వచ్చింది.

శాఖాధిపతి హాల్వర్ ఆర్థికశాస్త్రవేత్త. పొడుగ్గా, ఎప్పుడూ ఎదురుగాలిలో నడుస్తున్నట్టు ముందుకు వంగి ఉంటాడు. జనవరిలో అతనే ఐలిఫ్‌ను కూర్చోబెట్టి నివేదిక రాయించాడు. యాభై తొమ్మిది మంది నిమిషాలు, గుడ్‌వేగ్ కూర్చున్న డెబ్బై రోజులు కలిపి అరవైతో భాగిస్తే సగటు ఏడు గంటలు దాటింది.

"ఇది తప్పుగా లేదూ?" అన్నాడు ఐలిఫ్.

"కూడిక తప్పా? భాగారం తప్పా?"

"రెండూ సరిగ్గానే ఉన్నాయి."

"మరి తప్పెక్కడుంది? నీకేమైనా అనుమానముంటే చివర్లో చిన్నక్షరాలతో రాసుకో. అందుకేగా చిన్నక్షరాలు ఉన్నది."

మన తీరప్రాంతపు మనిషి సగటున ఏడు గంటలు విసుగు లేకుండా వేచి ఉండగలడని పత్రిక మొదటి పేజీలో వేసింది. చదివి ఊళ్ళో అందరూ కాస్త గర్వపడ్డారు. మా అన్నయ్య ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాడు. మూడు వారాల తర్వాత జిల్లా రవాణా కార్యాలయం కొత్త ఫెర్రీ వేళలు ప్రకటించింది. గంటకొకటి నడిచేది ఇకమీదట ఐదు గంటలకొకటి. ప్రజలకు ఇంకా రెండు గంటల ఓపిక మిగిలే ఉంటుందని ప్రకటన కింద రాశారు.

కొత్త వేళలు మొదలైన సోమవారం గుడ్‌వేగ్ తొమ్మిదింటికి రాలేదు. పదకొండున్నరకు నిలువునా తడిసి వచ్చింది. గదిలోకి వెళ్ళకుండా నా బల్ల ముందు నిలబడి, ఈ ఏడు గంటల సంగతి రాసిందెవరని అడిగింది. ఐలిఫ్‌ను పిలిచాను.

"రాసింది నేనే. కానీ ఆ గంటలు మీవే," అన్నాడు.

"నావా?"

"మీరు కూర్చున్నవి. అందరికీ పంచాం."

ఆమె నివేదిక అడిగి తీసుకుంది. కళ్ళద్దాలు తుడుచుకుని పేజీ పేజీ చదివింది. మేమిద్దరం నిలబడే ఉన్నాం.

"ఇక్కడ కూర్చోవడం వేరు, రేవులో నిలబడటం వేరు నాయనా. ఇక్కడ వాన పడదు. కాఫీ ఉంటుంది. పైగా నాకిక్కణ్ణించి ఎక్కడికీ పోవాల్సిన పని లేదు. రేవులో ఉన్నవాడికి అవతల ఆసుపత్రి ఉంటుంది, పిల్లల బడి ఉంటుంది. అది నీ కాగితంలో ఎక్కడుంది?"

"పద్నాలుగో పేజీలో, అడుగున."

ఆమె పద్నాలుగో పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివి, మడిచి బల్ల మీద పెట్టింది. "చక్కగా రాశావు. ఎవరూ చూడకుండా రాశావు," అంది.

ఐలిఫ్ ముఖం ఎర్రబడింది. ప్రయోగంలో పాల్గొన్నవారు ఎప్పుడైనా వైదొలగవచ్చనీ, అడిగితే వారి వివరాలన్నీ చెరిపేయాల్సిందేననీ అతనే చెప్పాడు. చెబితే తన ఆరేళ్ళ పని ఏమవుతుందో అతనికి తెలుసు. నా కలంతోనే ఆమె నాలుగు వాక్యాల ఉత్తరం రాసి సంతకం పెట్టింది.

ఉత్తరం సంగతి హాల్వర్‌కు పావుగంటలో తెలిసింది. వచ్చి నా బల్ల అంచు మీద కూర్చున్నాడు. అంతకుముందెప్పుడూ అలా కూర్చోలేదు.

"టురిడ్, ఆ ఉత్తరం ఇంకా రానట్టే అనుకుందాం. ఏప్రిల్‌లో మన శాఖను పరీక్షించడానికి పైనుంచి వస్తున్నారు. పదకొండు వ్యాసాలున్నాయి ఆవిడ మీద. ఏప్రిల్ తర్వాత వచ్చినట్టు ముద్ర వెయ్యి."

"వచ్చింది ఇవాళ కదా."

"నువ్వు ముద్ర వేస్తేనే కదా వచ్చినట్టు?"

నిజం చెప్పాలంటే నేను కాసేపు ఆలోచించాను. ఆ పదకొండు వ్యాసాల్లో రెండింటి కింద నాకు కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. తర్వాత తేదీ సరిచూసుకుని అతని ఎదుటే ముద్ర వేశాను. ముద్ర సరిగ్గా పడలేదని ఇంకోసారి వేశాను.

నివేదికా, పదకొండు వ్యాసాలూ పోయాయి. హాల్వర్ ఒక వారం నాతో మాట్లాడలేదు. మెట్ల మీది వ్యాసం మిగులుతుందని కొందరు ఆశపడ్డారు గానీ, ఆమె లేకపోతే మెట్ల మీద నిలబడటానికి కారణమే లేదని అదీ తీసేశారు.

ఫెర్రీ వేళలు మాత్రం మారలేదు. నేనే రవాణా కార్యాలయానికి ఫోన్ చేస్తే యోస్టైన్ అనే అధికారి ఎంతో ఓపికగా వివరించాడు. నిర్ణయం ఒక అధ్యయనం ఆధారంగా తీసుకున్నారు. అధ్యయనం తప్పని తేలితే నిర్ణయం మార్చేవారు. కానీ అది తప్పని తేలలేదు, లేకుండా పోయింది. లేనిదాన్ని బట్టి దేన్నీ మార్చడానికి వీల్లేదు.

అయితే వచ్చి మా వాళ్ళకు ఆ మాటే చెప్పమని గుడ్‌వేగ్ అతనికి ఉత్తరం రాసింది. అతను నిజంగానే వచ్చాడు. మార్చిలో అవతలి ఒడ్డున సమావేశ మందిరంలో సభ. నేనూ ఐలిఫూ వెళ్ళాం. ఎవరూ గొంతు పెంచలేదు. వాఫిల్స్, జామ్ పెట్టారు. యోస్టైన్ పటాలు చూపించాడు, అందరూ చేతులు కట్టుకుని విన్నారు. మూడింటికి సభ ముగిసింది, అతను కృతజ్ఞతలు చెప్పి రేవుకు నడిచాడు. ఎనిమిది దాకా ఫెర్రీ లేదన్న సంగతి అతనికి అక్కడికి వెళ్ళాక గుర్తొచ్చింది.

వాన అడ్డంగా కొడుతోంది. అతని డ్రైవరు కారును మా ఆఫీసు వైపు ఒడ్డునే వదిలి వచ్చాడు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అతని పక్కన నిలబడ్డారు, దాదాపు నలభై మంది. ఎవరూ ఏమీ అనలేదు. ఏదో అంటారని అతను ఎదురు చూస్తున్నాడని మాకు తెలుస్తూనే ఉంది.

"ఇక్కడ ఎక్కడైనా కూర్చోవచ్చా?" అని అడిగాడు చివరికి.

"టికెట్ల గది ఉండేది. మీ కార్యాలయమే తీయించేసింది," అంది గుడ్‌వేగ్. గొడుగును మాత్రం అతని వైపు కాస్త జరిపింది.

ఐదున్నరకు అతను కాస్త పక్కకు వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. పాత వేళలు తాత్కాలికంగా పునరుద్ధరిస్తున్నామని పది రోజుల తర్వాత ప్రకటన వచ్చింది. ఆ తాత్కాలికం ఇప్పటికి నాలుగో ఏడు.

ఐలిఫ్ యాభై తొమ్మిది మందితోనే థీసిస్ సమర్పించాడు. చిన్నక్షరాలు ఒక్కటీ లేకుండా, అనుమానాలన్నీ మొదటి అధ్యాయంలో రాశాడు. పరీక్షకులు బాగా లేదన్నారు, కానీ పాస్ చేశారు. ఇప్పుడు ఉత్తరాన ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. పోస్టుకార్డులు రాస్తుంటాడు.

గుడ్‌వేగ్ మంగళవారాలు వస్తుంది. గదిలోకి కాదు, మా భోజనాల గదిలోకి. అల్లిక తెచ్చుకుంటుంది. జీతాల విభాగం అమ్మాయికి మేజోళ్ళ మడమ ఎలా తిప్పాలో నేర్పుతోంది. ఒక రోజు హాల్వర్ నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసి నా దగ్గరికి వచ్చాడు.

"ఆవిడ ఇప్పుడెందుకు వస్తోందో ఎవరైనా అడిగారా?"

"మాట్లాడుకోవడానికి వస్తోంది హాల్వర్."

"దేని గురించి?"

"వెళ్ళి కూర్చో, తెలుస్తుంది. ఆ పుస్తకం, పెన్ను మాత్రం నాకిచ్చి వెళ్ళు."

అతను రెండూ నా బల్ల మీద పెట్టి, కాఫీ పోసుకుని లోపలికి వెళ్ళాడు.