రోడ్డు వైపు గోడ

మా బిల్డింగు గోడలో చెయ్యి దూరేంత పగులు ఉండేది. దాన్ని పుట్టీతో పూడ్చి పైన లేత నీలం రంగు వేయమని పురపాలక సంఘం కాంట్రాక్టరుకు పని అప్పజెప్పింది. కాంట్రాక్టరు ఆ పని మేస్త్రక్కకు చెప్పాడు. ఆ గోడకు అవతలి గదిలోనే మేస్త్రక్క కాపురం.

ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నేను బట్టల కార్ఖానాలో మిషను కుడతాను. ఆ వారం నాకు సాయంత్రం షిఫ్టు. పొద్దున బట్టలారేస్తూ వరండాలోంచి అంతా చూశాను.

మావి ఎప్పుడో కార్మికుల కోసం పురపాలక సంఘం కట్టిన మూడంతస్తుల బిల్డింగులు. అద్దె సంఘం ఆఫీసుకే కట్టేవాళ్ళం. పైకప్పు కారుతోందని, కాలువ పొంగుతోందని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా గోడకు చెప్పుకున్నట్టే. అలాంటిది ఆ రోజు పొద్దున్నే కాంట్రాక్టరు లారీ వచ్చి వాకిట్లో ఆగింది. రంగు డబ్బాలు దిగాయి, పుట్టీ బస్తాలు దిగాయి, వెదురు బొంగులు దిగాయి. సిమెంటు పేరుకు దిగింది. ఇనుము దిగనే లేదు.

మేస్త్రక్క తట్టలతో ఇసుక మోస్తూ మోస్తూ తాపీ పట్టడం నేర్చుకున్న మనిషి. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, కాలేజీలో చదువుతోంది. ఆమె పగులులో చెయ్యి పెట్టి, తీసి, కొంగుకు తుడుచుకుంది.

"సార్, ఇది పుట్టీకి ఆగేది కాదు. గోడ కుంగుతోంది. మెట్ల కింద కూడా ఇదే వరస. ముందు దానికి దన్ను పెట్టించండి."

కాంట్రాక్టరు ఫోను చూసుకుంటూనే అన్నాడు. "కేంద్రం నుంచి బృందం వస్తోందమ్మా. రోడ్డు మీద నిలబడి చూస్తే గోడ నున్నగా కనబడాలి. అంతవరకే మన పని."

"లోపల మనుషులున్నారు కదా."

"బృందం లోపలికి రాదు."

కూతురు కాలేజీ సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. "ఒప్పుకోకమ్మా," అంది.

"నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు. పని మానేస్తే నీ ఫీజు ఎవడు కడతాడే?"

"మన ఇంట్లో మనల్నే పూడ్చిపెడతానంటున్నావు."

మేస్త్రక్క పుట్టీ కలపడం మొదలెట్టింది. సాయంత్రానికి పగులు లేదు. మరునాటికి గోడ నీలంగా మెరిసింది. వెనకవైపు గోడలు మాత్రం పాచిపట్టి నల్లగానే ఉన్నాయి.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు టీకొట్టు మామ. మా వాకిలి పక్కనే అతని కొట్టు. ఇళ్ళల్లో కూర్చుని గుండీలు కుట్టే ఆడవాళ్ళ కోసం మధ్యాహ్నం కెటిల్ పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి దిగేవాడు. మా బిల్డింగులో కబుర్లన్నీ ఆ కెటిల్‌తోనే పైకీ కిందికీ తిరిగేవి.

కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "మీరంతా పనులకెళ్ళాక గోడ మూలుగుతుందే," అంది నాతో. "ముసలిదానికి చాదస్తమనుకోకు. లోపల ఎవరో జబ్బు మనిషి పడుకున్నట్టే ఉంటుంది." ఆవిడ గోడకు చెవి ఆనించి కూర్చునేది. నేనూ ఒకసారి ఆనించాను. ఏమీ వినబడలేదు. అయినా ఆ తర్వాత మెట్లెక్కుతుంటే చెయ్యి గోడకు తగలనిచ్చేదాన్ని కాదు.

బృందం వచ్చింది. తెల్ల కార్లు వరసగా ఆగాయి. పట్టణ పునరుద్ధరణ పథకం అని రాసిన బ్యానరు కింద అధికారులు నిలబడి మా గోడతో ఫొటోలు దిగారు. మమ్మల్ని తాడుకు ఇవతల ఆపారు. నేను తాడు మీదుగా వంగి అడిగాను, "అయ్యా, ఒక్కసారి లోపలికొచ్చి మెట్లు చూడండి."

కేంద్రం అధికారి మర్యాదస్తుడే. నా మాట చివరిదాకా విన్నాడు. "కేంద్రం నిధులిస్తుందమ్మా. ఇళ్ళ మరమ్మతు మీ పురపాలక సంఘం బాధ్యత," అని కారెక్కాడు.

మా ఓట్లతో గెలిచిన వార్డు మెంబరును అక్కడే చుట్టుముట్టాం. అతను చెమట తుడుచుకుంటూ చెప్పాడు. "మరమ్మతుకిచ్చే గ్రాంటు వాళ్ళే కోసేశారు. ఇప్పుడొచ్చింది ఊరి అందానికని ఇచ్చిన డబ్బు. దాన్ని మెట్లకు పెడితే ఒప్పుకోరు. గడువులోగా ఖర్చుపెట్టకపోతే వెనక్కి తీసేసుకుంటారు. మధ్యలో నన్నేం చెయ్యమంటారు?"

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని విన్నాం," అన్నాడు టీకొట్టు మామ. "ఇక్కడ దేవుడు పూజారిని చూపిస్తున్నాడు, పూజారి దేవుణ్ణి చూపిస్తున్నాడు. దణ్ణం ఎటు తిరిగి పెట్టాలో చెప్పు నాయనా."

అందరం నవ్వాం. మెంబరు కూడా నవ్వాడు. నవ్వుకుంటూనే పోయి కాంట్రాక్టరు పక్కన అతని కార్లో కూర్చుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వాన పట్టుకుంది. విడవకుండా కురిసింది. నీలం రంగు మీద సన్నటి గీత ఒకటి కింది నుంచి పైకి పాకింది. మేస్త్రక్క పనికి పోతూ, వస్తూ దాన్ని చూసేది. కూతురితో మాటలు తగ్గిపోయాయి. ఒకే గదిలో ఇద్దరూ చెరో మూల కూర్చునేవారు.

వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం మెట్లు కూలాయి.

నేను షిఫ్టుకు బయల్దేరబోతున్నాను. పేలుడు లాంటిదేమీ వినబడలేదు. బస్తాలు దొర్లించినట్టు చప్పుడు, వెంటనే దుమ్ము. తలుపు తీస్తే నా గుమ్మం ముందు వరండా ఉంది, మెట్లు లేవు. కింద రాళ్ళ కుప్ప. ఆ కుప్ప కింద టీకొట్టు మామ. పక్కన కెటిల్ పడి ఉంది, అందులోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

నిచ్చెన వేసి నన్ను దించగానే నేనూ కలిశాను, చేతులతో తవ్వాం. ఆటోలు తోలేవాళ్ళు, కూరలమ్మేవాళ్ళు, కాలేజీ పిల్లలు, దారిన పోయేవాళ్ళు అందరూ వచ్చి తవ్వారు. పై వాటాల్లో చిక్కుకున్న మిగతావాళ్ళనూ నిచ్చెనలేసి దించారు. మామ బతికి లేడు. అంబులెన్సు వచ్చింది. ఆఫీసు నుంచి ఒక్క మనిషి రాలేదు.

మరునాడు దహనం చేసి తిరిగొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. మేస్త్రక్క ఇంట్లోకి వెళ్ళలేదు. పనిసంచీలోంచి సుత్తి తీసి, తిన్నగా రోడ్డు వైపు గోడ దగ్గరకు నడిచింది. ఒక్క దెబ్బ వేసింది. పుట్టీ పెచ్చు నీలం రంగుతో సహా ఊడి ఆమె కాళ్ళ మీద పడింది. రెండో దెబ్బకు పగులు బయటపడింది. అది ఇప్పుడు చెయ్యి కాదు, మనిషి భుజం దూరేంత ఉంది.

"నా చేత్తోనే మూశాను," అంది. మాతో అన్నదో, గోడతో అన్నదో తెలీదు. "వాడు చెప్పాడు, నేను మూశాను."

కూతురు వచ్చి తల్లి పక్కన నిలబడింది. "నువ్వొక్కదానివే కాదమ్మా. మనమందరం చూస్తూ ఊరుకున్నాం," అని కింద పడిన ఇటుకముక్క తీసుకుని గోడను కొట్టింది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గునపాలొచ్చాయి, రోకళ్ళొచ్చాయి. నేను అట్లకాడతో పెచ్చులు గీకాను. పొద్దుగూకేలోగా రోడ్డు మీద పోయే ప్రతివాడికీ మా బతుకు ఉన్నదున్నట్టు కనబడింది. ఇక తప్పదు, ఇప్పుడైనా బాగుచేస్తారని అనుకున్నాం. అంత అమాయకులం మేం.

ఆ మర్నాడు పొద్దున్నే పురపాలక సంఘం కమిషనరు మైకు పెట్టిన జీపులో వచ్చాడు.

"భవనం ప్రమాదకరంగా ఉందని మీరే నిరూపించారు. మీ ప్రాణాల మీద మాకు బాధ్యత ఉంది. సాయంత్రంలోగా అందరూ ఖాళీ చెయ్యాలి. ఊరి బయట చెత్తకుప్పల అవతల రేకుల షెడ్లు వేయించాం."

మొన్న చచ్చినవాణ్ణి చూడ్డానికి రానివాళ్ళకు ఒక్క రాత్రిలో రేకుల షెడ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అప్పుడు అర్థమైంది మాకు. ఆ షెడ్లు మామ చావకముందే వేశారు. జీపు వెంట వచ్చిన గుమస్తా మాటల్లో మిగతాదీ తేలింది, పథకంలో రెండో విడత నిధులు రావాలంటే మా బిల్డింగులున్న స్థలం ఖాళీగా చూపించాలి. అక్కడ దుకాణాల సముదాయం లేస్తుంది. గోడ మూసినా మేమే పోవాలి, గోడ తెరిచినా మేమే పోవాలి. తప్పెవరిదంటే కేంద్రం, పురపాలక కౌన్సిలు, కాంట్రాక్టరు ఒకరినొకరు చూపించుకుంటారు. స్థలమెవరిదంటే మాత్రం ముగ్గురిదీ ఒకే మాట.

కుళాయి దగ్గర మీటింగు పెట్టుకున్నాం. మీటింగంటే మీటింగు కాదు, అందరూ ఒకేసారి అరవడం.

"షెడ్డో గిడ్డో, ముందు పిల్లల్ని బతికించుకుందాం," అన్నాడొక ఆటో డ్రైవరు.

"అక్కణ్ణుంచి కార్ఖానాకు బస్సుందా? పని పోతే ఏం పెట్టి బతికిస్తావ్ అన్నా?" అన్నాను నేను.

"కదిలేదే లేదు. కూలితే కూలనీ," అన్నారు కొందరు కుర్రాళ్ళు.

"మామ కూడా కూలనీ అనే ఎక్కాడా?" అని మేస్త్రక్క అడిగింది.

మేస్త్రక్క కూతురు కుళాయి దిమ్మె ఎక్కింది. కాలేజీలో ఉపన్యాసాలు చెప్పే పిల్లే, ఆ రోజు మాత్రం నెమ్మదిగా మాట్లాడింది. "ఖాళీ చెయ్యమన్నారు. చేద్దాం. గోడ పడిపోయేదే కాబట్టి అందులో మన మొండితనం పనికిరాదు. కానీ ఎక్కడికి పోవాలో వాళ్ళెందుకు చెప్పాలి?"

"మరెక్కడికే తల్లీ?" అంది పెద్దమ్మ. "ఈ ఊళ్ళో గట్టి కప్పున్నది ఆ కొత్త కౌన్సిలు భవనం ఒక్కటే. రాత్రంతా దీపాలు వెలుగుతుంటాయి, పడుకునే నాథుడుండడు."

ఎవరో నవ్వారు. మేస్త్రక్క నవ్వలేదు. "దాని నేల నేనే పరిచాను," అంది. "అదీ ఈ పథకం డబ్బే. అక్కడ అసలైన సిమెంటు వాడారు, బొటనవేలు లావు ఇనుప చువ్వలు వాడారు. అది పడదు."

ఆటో డ్రైవరు లేచి, "ముసలాళ్ళ సామాను నా బండిలో వెయ్యండి," అన్నాడు.

పై వాటాల సామాను నిచ్చెనల మీదుగా దించుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా నడిచాం. పరుపులు, స్టవ్వులు, గిన్నెలు, బిందెలు. నా కుట్టుమిషను ఇద్దరు మోశారు. దారిలో దుకాణాలవాళ్ళు బయటికొచ్చి చూశారు. కొందరు షట్టర్లు దించుకున్నారు. కొందరు మాతో నడిచారు. కాలేజీ పిల్లలు క్లాసులు వదిలి వచ్చి కలిశారు. భవనం ముందు కాపలావాడు మమ్మల్ని చూసి, తన కుర్చీ తీసుకుని పక్కకు జరిగాడు.

కమిషనరు పరుగున కిందికొచ్చాడు. "ఇది ప్రభుత్వ భవనం. ఇక్కడికి రావడం నేరం."

"మేం వదిలొచ్చిందీ ప్రభుత్వ భవనమేగా," అంది మేస్త్రక్క. "ఖాళీ చెయ్యమన్నారు, చేశాం. ప్రాణాల మీద బాధ్యతన్నారు, తెచ్చి అప్పజెబుతున్నాం. తీసుకోండి."

మెరిసే నేల మీద పరుపులు పరిచాం. ముందు నీళ్ళు కట్టేశారు. తర్వాత కరెంటు తీసేశారు. అద్దాల తలుపులకు అవతల హెల్మెట్లు ఒక్కొక్కటే పోగవడం మొదలైంది. లాఠీలతో బూట్లు తట్టుకుంటూ నిలబడ్డారు. పిల్లలు ఆడుకోవడం మానేశారు.

సాయంత్రమవుతుండగా ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి మేస్త్రక్క ఎవరని అడిగాడు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కేసట. మామ ప్రాణం తీసిన బిల్డింగు ఆస్తి, దాని పెచ్చులు ఊడబెరికిన ఆడది నేరస్థురాలు. మేం అడ్డం పడ్డాం. లాఠీలు లేచాయి. ఆటో డ్రైవరు తల పగిలింది. నా మోచేతి మీద దెబ్బ పడింది, ఈ రోజుకీ మిషను తిప్పుతుంటే అక్కడ లాగుతుంది.

మేస్త్రక్కే మమ్మల్ని ఆపింది. వ్యాను ఎక్కబోతూ కూతురి వైపు చూసింది. "పరీక్షలున్నాయిగా, చదువుకో," అంది. మరి కాస్త ఆగి, "ఇక్కణ్ణుంచే చదువుకో," అంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోలేదు. తల ఊపింది.

వ్యాను వెళ్ళాక కమిషనరు పారిశుద్ధ్య కార్మికులను పిలిపించాడు. ఊరి వీధులూడ్చే ఆడవాళ్ళు, మగవాళ్ళు. వాళ్ళ ముందు నడిచే మనిషిని అందరూ అత్తా అంటారు. లావుపాటి మనిషి, మాట పెళుసు.

"ఈ సామానంతా తీసి బయట పడెయ్యండి. లేకపోతే రేపణ్ణుంచి పనిలోకి రానక్కర్లేదు," అన్నాడు కమిషనరు.

అత్త చీపురు గోడకానించింది. వచ్చి పెద్దమ్మ పరుపు పట్టుకుంది. పెద్దమ్మ వదల్లేదు. అత్త లాగింది. ఇక వీళ్ళతో కూడా కొట్లాడాలా అనుకున్నాం.

"వదులు పిన్నీ," అంది అత్త. "తలుపు దగ్గర చలిగాలి కొడుతుంది, ముసలిప్రాణం ఆగదు. పైన కౌన్సిలు హాల్లో తివాచీ ఉంది. రోజూ ఊడ్చేది మేమే, మాకు తెలీదా?"

పరుపు భుజాన వేసుకుని మెట్ల వైపు తిరిగింది. ఆమె వెనక మిగతావాళ్ళు తలా ఒక మూట ఎత్తుకుని పైకెక్కారు. కమిషనరు ఏదో అంటున్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

చీకటి పడుతోంది. బయట మరో రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి. హెల్మెట్ల వరస ఒకడుగు ముందుకు జరిగింది. తలకు గుడ్డ కట్టుకున్న ఆటో డ్రైవరు లేచి పెద్ద తలుపులకు గడియ వెయ్యబోయాడు.

"వెయ్యకు బాబాయ్," అంది మేస్త్రక్క కూతురు ఫోను చూస్తూ. "నది గట్టు బస్తీవాళ్ళు సామానుతో ఇక్కడికే బయల్దేరారట. వాళ్ళ గోడలకీ రంగేశారు."

తలుపు తీసే ఉంచాం.