చిల్కా దాకా వెళ్లిన గుడారం

నేను ఒక గుడారాన్ని. సర్కసు వాళ్లదో సైన్యానిదో అనుకునేరు, అంత ఘనత నాకు లేదు. ముగ్గురు మనుషులు మోకాళ్లు ముడుచుకుంటే పట్టేంత ఉంటాను. మడిస్తే సైకిలు కేరియరు మీద ఇముడుతాను. కాకినాడ పోర్టు దగ్గర లారీలకు టార్పాలిన్లు కుట్టే సత్తారు సాయిబు పంతొమ్మిది వందల ఎనభై ఏడులో, దీపావళి వెళ్లాక నన్ను కుట్టాడు. కుడుతున్నంతసేపూ ఆయనకు నవ్వాగలేదు. ఇల్లూ వాకిలీ ఉన్న మనుషులు సెలవు పెట్టుకుని మరీ గుడ్డ కింద పడుకోవడానికి పోవడమేమిటో ఆయనకు బోధపడలేదు. నాకూ చాలా రోజులు బోధపడలేదు.

నన్ను కుట్టించినవాడు నూకరాజు. జగన్నాథపురంలో సైకిలు షాపు అతనిది. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అతనికి చిన్నప్పటి నుంచీ ఇద్దరే స్నేహితులు. ఒకడు వరహాలు, బీమా ఏజెంటు, నిద్రలో తప్ప నోరు మూతపడదు. రెండోవాడు ప్రభుదాసు, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. చలికాలంలో చిల్కా సరస్సుకు వలస వచ్చే పక్షుల గురించి ఏదో పుస్తకం దిద్దుతూ చదివాడట. సైకిళ్ల మీద వెళ్లి చూసొద్దామన్నాడు. వచ్చే ఏడు చూద్దాంలే అంటే ఒప్పుకోలేదు, ఈ ఏడే అని పట్టుబట్టాడు. అంత తొందర దేనికని మిగతా ఇద్దరూ అడగలేదు.

డిసెంబరు మొదట్లో ఒక తెల్లవారుజామున బయల్దేరాం. నేను ప్రభుదాసు కేరియరు మీద ఉన్నాను. మొదటి రోజు తుని దాటాక ఒక మామిడితోటలో నన్ను నిలబెట్టారు. నిలబెట్టారనడం మర్యాద కోసం. తాళ్లు ఎటు కట్టాలో తెలియక ముగ్గురూ వాదించుకుంటుంటే నేను రెండుసార్లు వాళ్ల మీదే కూలబడ్డాను. భీమిలి దగ్గర సరుగుడు తోటలో మాత్రం బాగా కుదిరింది. సముద్రపు గాలికి నా పొట్ట ఉబ్బుతుంటే లోపల కిరసనాయిలు స్టవ్వు మీద వరహాలు అన్నం మాడ్చాడు. ఆ మాడు వాసన చాలా కాలం నా గుడ్డలోంచి పోలేదు. పోనందుకు నేనేమీ బాధపడలేదు.

పొద్దు వాలాక ప్రభుదాసు తీరు వేరుగా ఉండేది. తాళ్లు కాళ్లకు తగిలి తూలేవాడు. ఒకసారి పప్పు గిన్నె తన్నేశాడు. పుస్తకాలు తప్ప లోకం తెలియదని వరహాలు ఎగతాళి చేస్తే అతనూ నవ్వేవాడు. తర్వాత ఎవరూ చూడకుండా నా తాడు పట్టుకుని, దాని వెంట మెల్లగా లోపలికి వచ్చేవాడు. ఆ చెయ్యి ఎంత బిగుసుకుని ఉండేదో నాకొక్కదానికే తెలుసు.

నాలుగో రోజు టెక్కలి దరిదాపుల్లో నూకరాజు సైకిలుకు రెండుసార్లు పంచరు పడింది. బాగుచేసుకుని కదిలేసరికి సూర్యుడు దిగిపోయాడు. ముందు నూకరాజు, వెనక వరహాలు, ఆఖరున మేము. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు ఎడమకు తిరిగింది. వాళ్లిద్దరూ తిరిగారు, ప్రభుదాసు తిరగలేదు. అతనూ, సైకిలూ, నేనూ కలిసి పంట కాలవలో పడ్డాం. తుమ్మ మొద్దు గుచ్చుకుని నాకు జానెడు చిరుగు పడింది. అతనికి మోచెయ్యి చీరుకుపోయింది.

వాళ్లు వెనక్కి పరుగెత్తుకొచ్చి అతన్ని గట్టు మీదికి లాగారు. భయంలో వరహాలు నోటికొచ్చినట్టు తిట్టాడు. ప్రభుదాసు బురద బట్టలతోనే గట్టు మీద కూర్చుని అంతా విన్నాడు.

"నాకు పొద్దోతే కనపడదురా," అన్నాడు. "రెండేళ్లయింది."

విశాఖపట్నంలో డాక్టరుకు చూపించుకున్నాడట. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోందనీ, మందు లేదనీ, మహా అయితే మరో నాలుగైదేళ్లనీ ఆ డాక్టరు చెప్పాడట. ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుందని చెప్పలేదు. పెళ్లాం సంతోషమ్మకూ చెప్పలేదు.

"మరిన్నాళ్లూ సాయంత్రాలు ఎలా తొక్కావురా?" అన్నాడు వరహాలు.

"నీ తెల్లచొక్కా చూసి. నువ్వాపకుండా వాగుతావు కదా, అది విని."

వరహాలు కాలవలోకి దిగి సైకిలునూ నన్నూ పైకి తెచ్చాడు.

పక్కనే జీడితోటలో కాపలా ఉండే ముసలమ్మ లాంతరు పట్టుకుని వచ్చి, "సీకట్లో యెక్కడికెల్తారు నాయినా, మా పాక కాడే పడుకోండి," అంది. ఆవిడ పసుపు అద్ది అతని మోచేతికి కట్టు కట్టింది.

మర్నాడు బస్సు మీద సైకిళ్లు వేసుకుని ఇంటికి పోదామన్నాడు నూకరాజు. ఇంటికి పోతే మళ్లీ తనను సైకిలు ఎక్కనివ్వరని ప్రభుదాసు అన్నాడు. వాదనేమీ జరగలేదు. నూకరాజు సంచిలోంచి దబ్బనం తీసి నా చిరుగు కుట్టడం మొదలుపెట్టాడు. కుట్టు పూర్తయ్యాక తల ఎత్తి ఒక్క మాట అడిగాడు.

"ఇంటికెళ్లగానే సంతోషమ్మకి చెప్తావా?"

చెబుతానన్నాడు ప్రభుదాసు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడింటికే నన్ను పాతేవారు. ప్రభుదాసును మధ్యలో పెట్టుకున్నారు. ముందు నుంచి వరహాలు గుంతనీ, గేదెలనీ, లారీ వస్తోందనీ కేకేసి చెప్పేవాడు. వాగుడుకు ఒక పని దొరికినందుకు అతనికీ గర్వంగానే ఉండేది. సోంపేట, ఇచ్ఛాపురం దాటి మూడో రోజున రంభ చేరి, సరస్సు ఒడ్డున దిగాం.

పొద్దున్నే పడవ మాట్లాడుకున్నారు. నన్ను చాపలా మడిచి కింద పరిచారు. మంచు విడిపోయేసరికి నీళ్ల మీద లెక్కలేనన్ని పక్షులున్నాయి. ప్రభుదాసుకు ఎదురుగా ఉన్నంత మేరే, గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. అందుకని అతను తలను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పుతూ, కొంచెం కొంచెంగా సరస్సంతా చూశాడు. ఆ చివరకు చేరాక మళ్లీ మొదటి నుంచి చూశాడు. పడవవాడు ఇక పోదామంటే, ఉండమన్నట్టు నూకరాజు చెయ్యెత్తాడు. వరహాలు ఆ గంటసేపూ మాట్లాడలేదు. నా ఎరుకలో అది మొదటిసారి.

కాకినాడ చేరాక ఇద్దరూ అతన్ని ఇంటి దాకా దిగబెట్టారు. నన్ను అరుగు మీద దించి గుమ్మం బయటే నిలబడ్డారు. అతను చెప్పాడు. ఎన్నిసార్లు లోలోపల అనుకున్నాడో గానీ, అక్కడ మాటలు సరిగా రాలేదు. సంతోషమ్మ చేతిలో చెంబు పట్టుకుని చివరిదాకా విన్నది.

"నాకు తెల్సండీ," అంది. "పోయిన వానాకాలం నుంచే తెల్సు. మీరు నడిచే దార్లోంచి పీట తీసేది ఎవరనుకున్నారు? మీరే చెప్తారని చూస్తన్నాను."

ప్రభుదాసు అరుగు మీద, నా మీదే కూర్చుండిపోయాడు. ఆవిడ చెంబులో నీళ్లు తెచ్చి అతని కాళ్ల దుమ్ము కడిగింది.

డాక్టరు చెప్పినట్టే నాలుగేళ్లకు చూపు పోయింది. అచ్చాఫీసు వాళ్లు మాత్రం అతన్ని వదులుకోలేదు. సంతోషమ్మ ప్రూఫులు పైకి చదివేది, అతను విని తప్పులు పట్టేవాడు, ఆవిడ దిద్దేది. వాళ్లు దిద్దిన పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. నేను కొన్నాళ్లు నూకరాజు షాపు ముందు ఎండకు పందిరిగా ఉన్నాను. తర్వాత వరహాలు ఇంట్లో అటకెక్కాను. వరహాలు పోయాక అతని కూతురు అటక సర్దుతూ నన్ను తీసి, ప్రభుదాసు ఇంట్లో దింపి వెళ్లింది.

ఇప్పుడు నేను డాబా మీద పరిచి ఉన్నాను. నా మీద సంతోషమ్మ పెట్టిన మినప వడియాలు ఎండుతున్నాయి. కాకులు రాకుండా చూడమని ఆవిడ ప్రభుదాసుకు కుర్చీ వేసి, చేతికి కర్ర ఇచ్చి వెళుతుంది. రెక్కల చప్పుడు వినపడగానే అతను కర్రతో నేల తాటించాలి. చాలాసార్లు తాటిస్తాడు. కొన్నిసార్లు మాత్రం కర్ర ఒళ్లో పెట్టుకుని, తలను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ అలా వింటూ ఉండిపోతాడు. ఆ రోజు వడియాలు కాస్త తగ్గుతాయి. మర్నాడు సంతోషమ్మ ఇంకో గుప్పెడు ఎక్కువ పెడుతుంది.