చప్పుడు చేయని పెట్టె

మల్లికార్జున్ ఎనుమాముల దగ్గరి ఒక పత్తి మిల్లులో షిఫ్టు ఇన్‌చార్జి. పత్తి నుంచి గింజలు వేరుచేసే యంత్రాల మధ్యనే ఇరవై ఏళ్లకు పైగా గడిపాడు. అక్కడ మాట్లాడాలంటే ఎదుటివాడి చెవిలో అరవాలి, లేకపోతే చేతులు ఊపాలి. ఇంటికి వచ్చాక కూడా కాసేపు ఆ అలవాటు పోయేది కాదు. మంచినీళ్లు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించేవాడు.

"నోరు మిల్లులనే ఇడిసిపెట్టి వచ్చినవా బావా?" అనేది భార్య వినోద.

వినోద అతనికి మేనమామ కూతురే. పరకాల బడిలో లెక్కలు చెబుతుంది, రోజూ బస్సులో పోయి వస్తుంది. చిన్నప్పటి నుంచీ బావను ఆటపట్టించడం అలవాటు. పెళ్లయినంత మాత్రాన ఆ అలవాటు ఎందుకు మానుకోవాలో ఆమెకు తోచలేదు.

మల్లికార్జున్‌కు సినిమాల పిచ్చి. ముందుగదిలో గోడంత టీవీ, దానికి రెండు పక్కలా నడుమెత్తు స్పీకర్లు పెట్టించాడు. ఏళ్ల తరబడి పోగుచేసిన సినిమాలన్నీ ఒకచోట పెట్టుకుని చూడటానికి ఎక్కడో ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటర్ తెచ్చి టీవీ కింద బిగించాడు. సినిమా మొదలైన కాసేపటికే అందులోని ఫ్యాను గుర్రుమని అందుకునేది.

"హీరోయిన్ ఏడుస్తాంటే ఇది గూడ ఎంబడి ఏడుస్తాంది. ఒక్క మాట సమజైతలేదు," అన్నాడు ఒకరోజు విసిగిపోయి. "అసలు సప్పుడే చెయ్యని కంప్యూటర్ కొత్తది కట్టిచ్చుకుంట."

"ఇన్నవా అత్తమ్మా? కుక్కర్ సీటీ కొట్టినా ఇనవడని మనిషికి ఫ్యాన్ సప్పుడు అడ్డమొస్తాందట!"

మల్లికార్జున్ తల్లి చిలుకమ్మ వెల్లుల్లి పొట్టు తీస్తూ నవ్వింది. ఆమెకు డెబ్బై దాటినా చెవులు మాత్రం పాము చెవులు. నాలుగిళ్ల అవతల గేటు కిర్రుమంటే ఎవరింటికి ఎవరొచ్చారో కూర్చున్న చోటి నుంచే చెప్పేది.

ఆ ఆదివారం మల్లికార్జున్ హనుమకొండ చౌరస్తా దగ్గరున్న ఖలీల్ దుకాణానికి బయల్దేరాడు. తమాషా చూద్దామని వినోద కూడా బండెక్కింది. ఖలీల్ ఇల్లు కూడా వాళ్ల వాడలోనే. కంప్యూటర్లు కట్టి అమ్ముతాడు, వయసులో చిన్నవాడు, నోటికి మాత్రం అడ్డు లేనివాడు.

మల్లికార్జున్ ఫోనులో నెల రోజులు వీడియోలు చూసి సిద్ధమై వచ్చాడు. అన్నిటికంటే పెద్ద ప్రాసెసర్ పేరు చెప్పి అదే కావాలన్నాడు.

"అన్నా, దీంతోని రాకెట్ ఇడుస్తవా, సినిమా చూస్తవా?" అన్నాడు ఖలీల్.

"సినిమానే."

"మరి ఇద్దరికి చాయ్ పెట్టనీకి పెండ్లి బోగాణె ఎందుకే? పెద్ద ప్రాసెసర్ అంటే పెద్ద వేడి. వేడైతే ఫ్యాన్ గట్టిగ తిరగాలె. ఫ్యాన్ గట్టిగ తిరిగితే నువ్వు మళ్లొచ్చి నా నెత్తి మీద కూసుంటవ్."

బొమ్మ చూపించే శక్తి కూడా తనలోనే ఉన్న చిన్న ప్రాసెసర్ ఒకటి తీశాడు. దాని వేడి లాగేయడానికి పైన బిగించే అల్యూమినియం రేకుల దొంతర బల్ల మీద పెట్టాడు. అది జానెడు ఎత్తుంది.

"దీన్ని కంప్యూటర్ల పెడతరా, ఇడ్లీలు పెట్టుకుంటరా?" అని అడిగింది వినోద.

"రెండూ అయితయ్ వదినా. మల్లన్న ఇంకో గంట సతాయించిండంటే ఆ వేడికి ఇడ్లీ ఉడుకుతది."

తరువాత ఫ్యాన్ల వంతు వచ్చింది. "చిన్న ఫ్యాన్ కుక్కపిల్ల లెక్క, ఊకెనే మొరుగుతది. పెద్దది బర్రె లెక్క, నిమ్మలంగ నెమరేసుకుంట ఉంటది," అని ఖలీల్ అరచేతికంటే పెద్దదాన్ని తిప్పి చూపించాడు. మల్లికార్జున్ దాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"సప్పుడే లేదు!"

"నాకీడికి గాలి సప్పుడు ఇనవడతాంది గద బావా," అంది వినోద గుమ్మం దగ్గర నుంచి.

"నీకు అన్నీ ఇనవడతయి," అని కొట్టిపారేశాడు.

లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ కరకరమంటుందని దాన్ని వద్దన్నారు. కదిలే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ తీసుకున్నారు. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో కూడా వేడెక్కితే తప్ప ఫ్యాను తిరగని రకం ఎంచారు. ఇక క్యాబినెట్ దగ్గర మల్లికార్జున్ ఆగిపోయాడు. ఒక్కో పెట్టెనూ వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి వింటూ వరుసంతా తిరిగాడు.

"పుచ్చకాయ కొంటానవా బావా? ఒకటి కోసి సూపియ్యమను, ఎర్రగున్నదో లేదో."

దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. మల్లికార్జున్ పట్టించుకోలేదు. లోపలంతా మెత్తటి పట్టీ అంటించిన బరువైన నల్లపెట్టెను ఎంచుకుని, పెళ్లికూతురిని దింపినట్టు ఇంట్లో దింపాడు.

ఖలీల్ వచ్చి అన్నీ బిగించి స్విచ్చి వేసి వెళ్లాడు. సినిమా మొదలైంది. ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. తెర మీద ఒక ముసలాయన చెరువుగట్టున నిలబడి ఏమీ మాట్లాడకుండా నీళ్ల వైపు చూస్తున్నాడు. అప్పుడు మల్లికార్జున్ చెయ్యెత్తి సినిమా ఆపేశాడు.

"కుయ్య్ అని సన్నగ... ఇనవడతాందా?"

వినోద విన్నది. ఏమీ లేదు. చిలుకమ్మ కొంగు వెనక్కి లాగి, తల వంచి శ్రద్ధగా విన్నది.

"పక్కింట్ల మొగిలమ్మ బియ్యం చెరుగుతాంది. గోడ మీద బల్లి ఉరుకుతాంది. గంతకు మించి నాకేం ఇనవడతలేదు బిడ్డా."

"మీకు దాని ఆనవాలు తెల్వదు. మిషన్ల మధ్య ఉన్నోన్ని, నాకు ఎరుక," అన్నాడు మల్లికార్జున్.

ఖలీల్ వచ్చి ఫ్యాను మార్చాడు. కూత పోలేదు. స్క్రూల కింద రబ్బరు బిళ్లలు పెట్టాడు. పోలేదు. ఎస్‌ఎంపీఎస్ తీసేసి ఫ్యానే లేని దాన్ని పెట్టాడు. చివరికి రేకుల దొంతర మీది పెద్ద ఫ్యాను కూడా పీకేశాడు.

"ఇగ ఈ పెట్టెల తిరిగేదేం లేదన్నా. తిరిగేది భూమి ఒక్కటే."

"అయినా కూస్తాంది."

కరెంటు పారేటప్పుడు కొన్ని బోర్డులు సన్నగా కూస్తాయని ఖలీల్ ఎక్కడో విన్నాడు. బోర్డు కూడా మార్చాడు. అది కూడా కూసింది. మల్లికార్జున్ పెట్టెను చెక్క అలమరలోకి నెట్టి చుట్టూ పాత బొంత చుట్టాడు.

"ఏమైంది బావా, జరమొచ్చిందా దానికి? గోలీ గూడ ఏస్తవా?" అంది వినోద బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ.

ఆ పూట అతనికి నవ్వు రాలేదు. కోపమంతా ఫోనులో ఖలీల్ మీద చూపించాడు. "నీ దుకాణంల సామానంత గిట్లనే ఉంటదా? తెలిసినోడని నాకే అంటగట్టినవా?" అనేశాడు. ఖలీల్ ఫోను పెట్టేశాడు. ఆ తరువాత మల్లికార్జున్ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

వినోదకు ఇది నచ్చలేదు. ఖలీల్ తప్పు లేదని ఆమెకు తెలుసు. బావది ఉత్త అనుమానమని రుజువు చేసి, ఫోను చేయించి క్షమాపణ చెప్పించాలనుకుంది. సెలవురోజు మధ్యాహ్నం మల్లికార్జున్ అలమర ముందు బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని కూత వింటున్నాడు. వినోద పిల్లిలా వెనక నుంచి వచ్చి గోడకున్న ప్లగ్గు పీకేసింది. నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"బావా, ఇప్పుడెట్లున్నది?"

"అట్లనే ఉంది. ఇంక జర ఎక్కువైంది."

వినోద వైరు కొస పట్టుకుని అతని ముఖం ముందు ఊపింది. మల్లికార్జున్ కళ్లు తెరిచాడు. వైరు చూశాడు. బొంత కిందికి చెయ్యి పెట్టి పెట్టెను తడిమాడు. చల్లగా, చచ్చినట్టు ఉంది.

"మరి ఇంకా ఇనవడతాంది గదనే," అన్నాడు మెల్లగా.

"ఏడికెళ్లి?"

అతను టీవీ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. చివరికి చెయ్యెత్తి తన చెవి పట్టుకున్నాడు.

వినోద నవ్వు ఆగిపోయింది. వైరు అక్కడే వదిలేసి అతని పక్కన కూర్చుంది. వంటింట్లో నుంచి తను ఎన్నిసార్లు పిలిచిందో, పలకలేదని ఎన్నిపూటలు అలిగిందో అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఒకసారైతే ఆ కోపంతో పరకాలలో స్నేహితురాలి ఇంట్లోనే ఉండిపోయింది. టీవీ గొంతు ఏడాదికేడాది పెరుగుతూ వచ్చిన సంగతి కూడా ఇప్పుడే తెలిసినట్టనిపించింది.

తలుపు దగ్గర నిలబడి అంతా చూసిన చిలుకమ్మ అంది, "నేను పిలిస్తే పలుకకపోతే, కొడుకు పెండ్లాం మాటే ఇంటాండు అనుకున్న."

"నేను అమ్మ మాటే ఇంటాండు అనుకున్న అత్తమ్మా."

"ఇద్దరియి ఇనలేదన్నట్టు," అంది చిలుకమ్మ. అత్తాకోడళ్లకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"నాకు మంచిగనే ఇనవడతది. మీరే గొణుగుతరు," అని మల్లికార్జున్ లేచి వెళ్లిపోయాడు.

దవాఖానకు రానని వారం రోజులు మొండికేశాడు. వినోద బతిమాలలేదు, తగవు పడలేదు. బడికి సెలవు పెట్టి, చీర కట్టుకుని, బండి తాళం చేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె హాస్యమాడకుండా అంతసేపు నిలబడటం మల్లికార్జున్ ఎన్నడూ చూడలేదు. దాంతో భయపడి బయల్దేరాడు.

చెవుల డాక్టర్ పద్మలత అతన్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలన్నిటికీ మందంగా మెత్తలు అంటించి ఉన్నాయి. తలుపు వేయగానే బయటి లోకమంతా మాయమైంది. ఇలాంటి గదిలో సినిమా చూడాలని అతను ఎన్నాళ్లనుంచో కలలు కన్నాడు. కానీ ఆ నిశ్శబ్దంలో కూత రైలు కూతంత అయింది.

చప్పుడు వినిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కమన్నారు. అద్దం ఇవతల నుంచి వినోద చూస్తోంది. డాక్టర్ వేళ్లు చప్పుళ్లు పంపే మీటల మీద కదులుతూనే ఉన్నాయి. లోపల మల్లికార్జున్ మీట మీద బొటనవేలు పెట్టుకుని, ప్రశ్నాపత్రం ఇంకా ఇవ్వలేదనుకుని ఎదురుచూసే పిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. వేలు కదలలేదు. వినోద ముఖం పక్కకు తిప్పుకుంది.

"మిల్లు సప్పుడుకు లోపలి చెవి దెబ్బతిన్నది," అన్నారు డాక్టర్ పద్మలత. "సన్నటి శబ్దాలు అందుతలేవు. అందుకే మాట ఇనవడ్డా సమజ్ కాదు. ఆ కూత గూడ మీ చెవిదే."

"మొత్తం సప్పుడు బంద్ చేస్తే పోతదా మేడం?"

"అట్ల చేస్తేనే ఎక్కువైతది. గదిల ఏదో ఒక చిన్న సప్పుడు ఉండనియ్యున్రి, దాన్ల అది కలిసిపోతది. చెవికి మిషన్ పెట్టుకోవాలె. ఇగ మిల్లుల ప్లగ్గులు పెట్టుకోకుంట మాత్రం అడుగు పెట్టొద్దు."

బయటికి వచ్చాక బండి దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వినోద పెదవులు బిగపట్టుకుంది.

"నవ్వేదుంటే నవ్వు," అన్నాడు మల్లికార్జున్.

వినోద నవ్వింది. అతను కూడా బండి మీద చెయ్యి ఆనించి, దారిన పోయేవాళ్లు చూసేంతగా నవ్వాడు.

అక్కడి నుంచి నేరుగా ఖలీల్ దుకాణానికి వెళ్లారు. ఖలీల్ చూసి కూడా చూడనట్టు ఏదో కంప్యూటర్ విప్పుతూ ఉండిపోయాడు.

"ఖలీల్, తప్పు నాదే. కూసేది నా చెవి," అన్నాడు మల్లికార్జున్. "నిన్ను అనరాని మాటన్న. మనసుల పెట్టుకోకు తమ్మీ."

ఖలీల్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అతని ముఖంలో ముందు ఆశ్చర్యం, తరువాత దిగులు కనిపించాయి. లేచి వచ్చి మల్లికార్జున్ భుజం పట్టుకున్నాడు.

"అల్లా కసమ్ అన్నా, పెట్టెల ఉన్నయన్నీ మార్చిన. నీ చెవి మార్చాలన్న సోయి రాలే." తరువాత గొంతు తగ్గించి, "ఫికర్ చెయ్యకు. మా చిన్నమ్మ మొగడు, ఖాలూ జానీ మియా మిషన్ పెట్టుకుంటడు. ఇప్పుడు మేం గుసగుస పెట్టుకుందామంటే ఆయనతోని పెద్ద ఆఫత్, అన్నీ ఇంటడు," అన్నాడు.

ఆ మాట ఖలీల్ గొణిగినట్టే అన్నాడు కాబట్టి వినోద భర్త చెవి దగ్గర మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"ఇప్పుడు జర సప్పుడు చేసే ఫ్యాన్ ఉంటే ఇయ్యి," అన్నాడు మల్లికార్జున్.

ఖలీల్ నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఆ తరువాత ముగ్గురూ కలిసి దుకాణంలోని ఫ్యాన్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశారు. ఈసారి బేరమంతా తిరగబడింది. నిశ్శబ్దమైనవి ఒక్కొక్కటే పక్కకు పోయాయి. చివరికి ఇంటి కప్పు మీద ముసురు పట్టినట్టు వినిపించేది ఒకటి దొరికింది. మల్లికార్జున్‌కు వినిపించి, వినోదకు విసుగు తెప్పించనిది అదొక్కటే.

వినికిడి మిషన్లు వచ్చిన కొత్తలో మల్లికార్జున్ అన్నిటికీ ఉలిక్కిపడ్డాడు. పేపరు తిప్పితే రేకు చింపినట్టుందన్నాడు. తల్లి గాజుల చప్పుడు తగ్గించమన్నాడు. తీసి డబ్బాలో పెట్టేస్తే వినోద మళ్లీ తెచ్చి చేతిలో పెట్టేది. మిల్లుకు పోయేటప్పుడు మాత్రం వాటిని ఇంట్లో ఉంచి ప్లగ్గులు పెట్టుకునేవాడు. ఓనరుతో వాదించి పనివాళ్లందరికీ ప్లగ్గులు తెప్పించాడు. సగం మంది పెట్టుకున్నారు. మిగతా సగం మంది వెంట అతను ప్లగ్గుల పొట్లం పట్టుకుని, చిన్నపిల్లలకు మందు తాగించేవాడిలా తిరుగుతున్నాడు.

ఒక సాయంత్రం సినిమా నడుస్తోంది. తెర మీద తల్లీకూతుళ్లు గుసగుసలాడుకుంటున్నారు. ఒక్కో మాటా అందుతుంటే మల్లికార్జున్ ముందుకు వంగి కూర్చున్నాడు. వంటింట్లో చాయ్ వడపోస్తున్న వినోద తనలో తాను అనుకుంది.

"కూసున్నకాడికి చాయ్ తెచ్చియ్యాలె మహారాజుకు."

"మహారాజే వస్తాండు. గిలాస గూడ కడుగుతడు," అని ముందుగదిలో నుంచి జవాబొచ్చింది.

వినోద చేతిలోని చాయ్ వడపోసే జాలి గిన్నెలో పడింది. ఇన్నేళ్లుగా ఆ వంటింట్లో ఆమె అన్న మాటలు ఎన్నని! మల్లికార్జున్ లోపలికి వచ్చి, నిజంగానే గ్లాసు కడిగి, చాయ్ పోసుకున్నాడు.

"అత్తమ్మా, ఇగ ఈ ఇంట్ల మనం మాట్లాడుకునేటట్టు లేదు," అంది వినోద.

"గేటు కాడికి పోదాం పా బిడ్డా," అని చిలుకమ్మ లేచింది.

ఇద్దరూ గేటు దగ్గర మెట్ల మీద కూర్చున్నారు. మల్లికార్జున్ చాయ్ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడ్డాడు. వాళ్ల నవ్వు వినిపిస్తోంది గానీ, మాటలు అంత దూరం నుంచి అందడం లేదు. ఎవరి గురించో మాత్రం అతనికి తెలుసు. చాయ్ అయ్యేదాకా అక్కడే నిలబడి, తరువాత వెళ్లి సినిమా ముందు కూర్చున్నాడు.